పాలిమర్ల చాప్టర్‌కు భయపడకు

తల్లీ,

ఆశీస్సులు. పాలిమర్ల చాప్టర్‌లో పేర్లన్నీ కలగాపులగం అవుతున్నాయనీ, సెమిస్టర్ దగ్గరపడేకొద్దీ టెన్షన్‌గా ఉందనీ మీ నాన్న చెప్పాడు. ముందు ఆ పేర్ల పట్టిక బట్టీ పట్టడం ఆపెయ్. పాలిమర్ అంటే చిన్న అణువులు గొలుసులా అతుక్కుని ఏర్పడే చాలా పొడవైన అణువు, అంతే. అంత పొడవైన అణువులు ఉంటాయంటే 1920లలో పేరున్న కెమిస్టులే చాలామంది నమ్మలేదు. జర్మన్ కెమిస్టు స్టాడింగర్ పట్టు వదలకుండా వాదించి నిలబెట్టాడు, 1953లో నోబెల్ అందుకున్నాడు. నీకు కొరుకుడు పడకపోవడంలో వింతేమీ లేదు.

ఏ పాలిమర్ పేరు కనిపించినా రెండు ప్రశ్నలు వేసుకో. ఈ గొలుసు ఎలా పెరిగింది? పక్క గొలుసుతో దీనికి ఉన్న పట్టు ఏమిటి?

ఇథిలీన్‌లో డబుల్ బాండ్ తెరుచుకుని అణువులు వరుసగా అతుక్కుంటే పాలిథీన్. బయటికి పోయేది ఏమీ ఉండదు. నైలాన్ 6,6 అలా కాదు. ఎడిపిక్ ఆమ్లం, హెక్సామిథిలీన్ డైఎమీన్ కలిసిన ప్రతిచోటా ఒక నీటి అణువు పోతుంది. రెండింటిలోనూ ఆరేసి కార్బన్లు, అందుకే ఆ పేరు.

ఈ రెండో రకం దగ్గర తొందరపడకు. పరీక్షలో 95 శాతం వస్తే మనకు పండగే. ఇక్కడ ఫంక్షనల్ గ్రూపులు, అంటే అణువుల చివర ఉండి ఒకదానితో ఒకటి కలిసే భాగాలు, 95 శాతం కలిసినా గొలుసు సగటున 20 యూనిట్లే. 99 శాతం కలిస్తే 100, 99.5 అయితే 200. ఒకటిని కలవకుండా మిగిలిపోయిన భాగంతో (95 శాతానికి 0.05) భాగించి నువ్వే చూడు. రెండు పదార్థాలూ సరిసమానంగా ఉంటేనే ఈ లెక్క. ఒకటి కాస్త ఎక్కువైనా చివర్లన్నీ దానితోనే నిండిపోయి గొలుసు ఎదగడం ఆగిపోతుంది. పోలియస్టర్ తయారీలో చివరి దశలో వాక్యూమ్ పెట్టి, గొలుసులు కలిసేటప్పుడు బయటికి వచ్చే గ్లైకాల్ అనే చిన్న అణువును లాగేస్తారు, లేకపోతే చర్య వెనక్కి మళ్ళుతుంది. వాటర్ బాటిళ్ళు చేసే పోలియస్టర్ చిప్స్‌ను (చిన్న ముక్కలను) కరిగించే ముందు బాగా ఆరబెట్టేదీ ఇందుకే. తేమ ఉంటే ఆ వేడికి గొలుసులు తెగుతాయి.

ఇక రెండో ప్రశ్న. పాలిథీన్ గొలుసుల మధ్య పట్టు బలహీనం, వేడి చేస్తే జారిపోతాయి. నైలాన్‌లో హైడ్రోజన్ బంధాలున్నాయి కాబట్టి గట్టి దారం వస్తుంది. కుక్కర్ పిడిలోని బేకలైట్ అంతా అల్లుకుపోయిన వల, ఎంత కాల్చినా మాడుతుందే గానీ కరగదు.

రబ్బరును మాత్రం చేత్తో చూడాలి. వెడల్పాటి రబ్బరు బ్యాండును గభాల్న సాగదీసి వెంటనే పై పెదవికి ఆనించు, వెచ్చగా తగులుతుంది. కాసేపు అలాగే పట్టుకుని, వదులు చేసి మళ్ళీ ఆనించు, ఈసారి చల్లగా ఉంటుంది. చిందరవందరగా ఉన్న గొలుసులు వరుసలోకి వస్తే వేడి, తిరిగి చెదిరితే చల్లదనం. అవి పూర్తిగా జారిపోకుండా ఆపేవి గొలుసుల మధ్య ఉన్న గంధకం వంతెనలు.

ఇది చేసి చూశాక పీవీసీ, టెఫ్లాన్, డెక్రాన్‌లకు ఆ రెండు ప్రశ్నలకూ జవాబులు రాసి ఫోటో పంపు. ఆదివారం ఫోన్‌లో కూర్చుని చూద్దాం.

మీ పెద్దనాన్న