గోదావరి వెనక్కి పోతోందన్న బావమరిది

ప్రశ్న: సఖినేటిపల్లి ప్రాంతంలో 33 ఏళ్ళు ఉపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. కెమెరా కొనుక్కుని ప్రకృతి దృశ్యాలు తీయడం మొదలుపెట్టాను. కార్తీకంలో ఒక సాయంత్రం మా రేవులో నిలబడి, నరసాపురం వైపు పొద్దు గుంకుతుండగా గోదావరి పాయ వశిష్ఠ మధ్యలో వస్తున్న పంటును, అంటే జనాన్ని రేవు దాటించే పెద్ద పడవను, ఫోటో తీసి, పెద్ద సైజులో ప్రింటు వేయించాను. అమలాపురంలో స్టూడియో నడిపే మా బావమరిది సంక్రాంతికి వచ్చి, ఇంటిల్లిపాదీ ముందు దాన్ని చూసి, "బావగారూ, గోదావరి అంతర్వేది మానేసి ధవళేశ్వరం వెనక్కి పోతోందేంటండీ" అన్నాడు. అందరూ నవ్వారు. తరువాత "క్యాలెండర్ బొమ్మలా ఉంది లెండి" అని పక్కన పెట్టేశాడు. అప్పటి నుంచి నేను కెమెరా ముట్టుకోలేదు, అతనితో మాట్లాడలేదు. పంటు మీద సైకిలు పట్టుకుని నిలబడిన మనిషి అచ్చం కాలం చేసిన వాళ్ళ నాన్నగారిలా ఉన్నాడని నా భార్య అంటుంది గాని, అది నన్ను ఊరడించడానికే. మొన్న నా పాత విద్యార్థి తాను తీసిన మంచు ఫోటో చూపిస్తే, "ఇందులో ఏముందిరా, అంతా మసక" అన్నాను. వాడు మళ్ళీ రాలేదు. తప్పు నాలోనే ఉందా? ఈ సరదా మానుకోవడం మంచిదా?

జవాబు: మాస్టారు గారికి నమస్కారం. ఉత్తరంతో పాటు ఫోటోను కూడా పంపారు గనుక, దానిని తీరికగా చూసిన తరువాతే ఈ జవాబు రాస్తున్నాను. సరదా మానుకోవలసిన అవసరం ఏమీ లేదు, కాబట్టి ఆ ప్రశ్నను పక్కన పెట్టి మిగిలిన విషయానికి వద్దాం.

బావకూ బావమరిదికీ మధ్య పరాచికం మన ఇళ్ళలో ఒక హక్కుగా చెల్లుతుంది. అందులోనూ పండగ పూట పదిమంది కూర్చున్న చోట గోదావరి వాళ్ళ వెటకారం ఊరికే ఉండదు. అతను మీ పొట్ట మీదో, పేకాటలో మీ ఓటమి మీదో ఆ మాట విసిరి ఉంటే, మీరూ నవ్వి, తిరిగి ఒకటి అంటించి ఊరుకునేవారు. కానీ ఆ రోజు మాట్లాడినది బావమరిది ఒక్కడే కాదు, రోజూ ఫోటోలతోనే బతికే పనివాడు కూడా. వరస ఇచ్చిన చనువుతో అన్న మాటా, పనితనంతో చెప్పిన తీర్పూ ఒకేసారి కలిసి వచ్చినందువల్ల, దేనికి నవ్వాలో దేనిని మనసులో పెట్టుకోవాలో మీకు తెలియకుండా పోయింది. ఏది ఏదో అన్నవాడికీ తెలిసి ఉండదని నా అనుమానం.

అతని మొదటి మాట మాత్రం నిజం. నది సముద్రంలో కలిసేది అంతర్వేది దగ్గర, ధవళేశ్వరం ఉన్నది ఎగువన. ధవళేశ్వరంలో ఆనకట్ట 1852లో పూర్తయినప్పటి నుంచి గోదావరి నీరు కాలువల్లోకి మళ్ళింది గాని, నది ఎన్నడూ వెనక్కి నడవలేదు. మీ ఫోటోలోనేమో ఎడమవైపు, అంటే సముద్రం ఉన్న దిక్కున, నీటి గీత పైకి లేచి, ఎగువ దిక్కున కిందికి దిగింది. అవతలి గట్టు వాలుగా కనిపించినంత మాత్రాన కెమెరా ఒరిగిందని చెప్పలేము, ఎందుకంటే గట్టు మన నుంచి ఏటవాలుగా దూరమవుతున్న చోట, కెమెరాను ఎంత సమంగా పట్టుకున్నా ఆ గీత వాలుగానే పడుతుంది. అందుకని నేను నీటి మీద పడిన పొద్దు వెలుగు చారను చూశాను. అది సూర్యుడికి సరిగ్గా కిందుగా, మేస్త్రీ వేలాడదీసిన తూకపు దారంలా దిగాలి. మీ ఫోటోలో ఆ చార కూడా పక్కకు ఒరిగి ఉంది. దీన్ని ఫోనులోనే అర నిమిషంలో సరిచేయవచ్చు. అయితే ఫోటోను అలా తిప్పినప్పుడు అంచులు కొంత కోతపడతాయి గనుక, ఇకమీదట తీసేటప్పుడే చుట్టూ కాస్త చోటు వదిలిపెట్టండి.

"క్యాలెండర్ బొమ్మ" అన్న మాట వేరు. దానిని పట్టుకుని మీరు రేపు రేవుకు వెళ్ళి చేయగలిగినది ఒక్కటీ లేదు. నీటి రంగును మీరు నారింజ తొనలా పెంచేశారన్నది అతని భావం కావచ్చు, కాకపోవచ్చు. అతను వివరించని దానిని మీరు రాత్రుళ్ళు ఊహించుకుని బాధపడడం కంటే అతన్నే అడగడం తేలిక.

మీ ఉత్తరంలో నేను రెండుసార్లు చదివినది మీ శ్రీమతి గారి మాట. ఊరడించేవాళ్ళు "చాలా బాగుందండీ" అని ఊరుకుంటారు. ఆమె సైకిలును చూశారు, మనిషి నిలబడిన తీరును చూశారు, అందులో తన తండ్రిని గుర్తుపట్టారు. ఒక ఫోటోకు ఇంతకంటే వివరమైన అభిప్రాయం ఎవరు చెప్పగలరు? తప్పు పట్టినవాడిదే చూపు, మెచ్చుకున్నవాళ్ళది మొహమాటం అని మీరు అనుకోవడం 33 ఏళ్ళ ఎర్ర సిరా అలవాటేమో. నొచ్చుకోకండి. నిజానికి ఆ మనిషి మీ ఫోటోలో దాదాపు నల్లటి నీడగానే మిగిలాడు. ఎదురుగా సూర్యుడు ఉంటే కెమెరా ఆ వెలుగుకు తగ్గట్టు మొత్తం ఫోటోను చీకటి చేస్తుంది. పొద్దు గుంకగానే కెమెరాను సంచిలో పెట్టుకోకుండా మరో పది నిమిషాలు ఆగితే, ఆకాశానికీ పంటుకూ మధ్య వెలుగు తేడా తగ్గి, మనుషులు కొంత తేటగా పడతారు.

ఇక మీ విద్యార్థి సంగతి. నెల పట్టిన రోజుల్లో తెల్లవారుజామున కాలువగట్ల మీద దిగే మంచును తీసుకువచ్చినవాడితో "అంతా మసక" అనడం, వరద ఫోటో చూసి అన్నీ నీళ్ళే అనడం లాంటిది. మసకే అతను చూపించదలచుకున్నది. అతన్ని కబురు పెట్టి పిలిపించండి, నలుగురూ లేనప్పుడు. ఏమీ అనకుండా ఫోటోను కాసేపు చూసి, ముందుగా మీ కన్ను ఎక్కడ ఆగిందో చెప్పి, నువ్వు ఏం చూపించాలనుకున్నావని అడిగిన తరువాత, మరుసటి ఉదయమే అతను మార్చుకోగలిగిన ఒక్క సంగతి చెప్పండి. తెల్లటి మంచును కెమెరా బూడిద రంగులోకి దించేస్తుంది, అందుచేత వెలుగును ఒక మెట్టు పెంచి తీయాలన్నది అతనికి పనికివచ్చే మాట. ముందు ఆ రోజు అన్నదానికి నొచ్చుకుంటున్నానని చెప్పడం మరిచిపోకండి. గురువు ఆ మాట అంటే కుర్రవాడు కంగారు పడతాడు, అయినా చెప్పండి.

బావమరిది దగ్గరకు మాత్రం "ఎలా ఉంది?" అన్న ప్రశ్నతో మళ్ళీ వెళ్ళవద్దు. ఆ ప్రశ్నకు చనువున్నవాడు పరాచికమే ఆడతాడు. గట్టును సరిచేసిన ప్రింటును అతని ముందు పెట్టి, పంటు మీది మనిషి తెలిసేలా చేయాలంటే వెలుగును ఎలా సర్దాలో చూపించమని అడగండి. అది అతనికి చేతనైన పని, చేతనైన పని గురించి అడిగితే పనివాడు శ్రద్ధగానే చెబుతాడు. పండగ రోజు అందరి ముందు నవ్వడం మీకు కష్టం కలిగించిందని కూడా, ఇద్దరే ఉన్నప్పుడు, ఒక్క వాక్యంలో చెప్పండి. ఆ సైకిలు మనిషిలో తండ్రి పోలిక కనబడిందని అక్క అన్న సంగతి అతనికి ఇంకా తెలియదనుకుంటాను. ఒక ఆదివారం ఆమెను కూడా వెంటబెట్టుకుని అమలాపురం వెళ్ళండి. ఆ మాట ఆమెనే చెప్పనివ్వండి.