మధ్యమ విచలనం సున్నా వస్తోందా? మాడ్యులస్ వదిలేసినట్టే

ఆరు రోజులు బస్సు ఆలస్యమైన నిమిషాలు 11, 8, 28, 10, 9, 12. సగటు నుంచి మధ్యమ విచలనం (ఒక్కో విలువ సగటుకు ఎంత దూరంలో ఉందో, ఆ దూరాల సగటు) 5 రావాలి, మీకేమో సున్నా వస్తోందనుకుందాం. కూడికలో తప్పేమీ లేదు. సగటు నుంచి తేడాలను గుర్తులతో సహా కలిపితే ఏ లెక్కకైనా సున్నానే వస్తుంది.

మొత్తం 78, ఆరుతో భాగిస్తే సగటు 13. తేడాలు వరసగా -2, -5, 15, -3, -4, -1. మైనస్‌లు తీసేసి (మాడ్యులస్ అంటే ఇదే) కలపండి: 30. దాన్ని 6తో భాగిస్తే 5 నిమిషాలు.

గుర్తులు తీసేసే ముందు ఒక్కసారి వాటిని చూడండి. మైనస్ వైపు 15, ప్లస్ వైపు 15. ఈ రెండూ సరిపోకపోతే సగటే తప్పు, ముందుకెళ్లి లాభం లేదు. (సగటును రౌండ్ చేస్తే మాత్రం కాస్త తేడా వస్తుంది. అందుకే భిన్నంగానే ఉంచి, చివర్లో రౌండ్ చేయడం మేలు.) ఇక్కడ ప్లస్ వైపున్నది 28 ఒక్కటే. దాన్ని తీసేస్తే సగటు 10, తేడాలు 1, 2, 0, 1, 2, మధ్యమ విచలనం 6/5, అంటే 1.2కి పడిపోతుంది. ఆ సున్నాను లెక్కలోంచి తీసేసి 4తో భాగించేవాళ్లు చాలామంది. అది తప్పు, సున్నా తేడా కూడా ఒక రోజే.

ప్రశ్నలో "మధ్యగతం నుంచి" అని ఉంటే ముందు ఆరోహణ క్రమంలో రాయాలి: 8, 9, 10, 11, 12, 28. మధ్యలో ఉన్న 10, 11ల సగటు 10.5, అదే మధ్యగతం. దాన్నుంచి తేడాల మొత్తం 24, ఆరుతో భాగిస్తే జవాబు 4. క్రమంలో పెట్టకుండా మధ్యలో ఉన్న 28, 10 పట్టుకుంటే 19 వచ్చి లెక్కంతా పాడవుతుంది.

క్యాలిక్యులేటర్లో సిగ్మా మీట నొక్కితే వచ్చే 6.83 ప్రామాణిక విచలనం అనే వేరే కొలత, మధ్యమ విచలనం కాదు. ఎక్సెల్‌లో ఏవ్‌డెవ్ (AVEDEV) ఫంక్షన్ సరిగ్గా 5 ఇస్తుంది. ఖాళీ గడిని అది వదిలేస్తుంది, సున్నా రాసిన గడిని మాత్రం లెక్కేస్తుంది. బస్సు రాని రోజుకు సున్నా వేయకండి, అది టైముకు వచ్చినట్టు లెక్క. ఆర్ (R) అనే ప్రోగ్రామింగ్ భాషలో మ్యాడ్ (mad) అని కొడితే 2.22 చూపిస్తుంది. మధ్యగతం నుంచి తేడాలకు మళ్లీ మధ్యగతం తీసి, 1.4826తో గుణించిన వేరే కొలత అది.