టెక్ సందేహాలు: ఫోన్‌లో మెరిసిన నారింజ కొండలు ప్రింట్‌లో ఎందుకు వాడిపోయాయి?

ఈసారి ఒక పాఠకురాలు పంపిన మూడు ప్రశ్నలకే జవాబులు రాస్తున్నాను. మూడూ ఒకే బొమ్మ గురించి. గోడకి ఏదైనా పెయింటింగ్ ప్రింట్ తీయించి పెట్టుకోవాలనుకునే వాళ్లందరికీ పనికొస్తాయి.

ప్రశ్న: ఆంద్రే దెరాఁ గీసిన ‘కొల్యూర్ కొండలు’ అంటే నాకు చాలా ఇష్టం. నెట్‌లో దొరికిన ఫొటోతో ప్రింట్ వేయించి ఫ్రేమ్ కట్టించాను. ఫోన్‌లో కొండలు మండిపోతున్నట్టు ఉంటాయి, ప్రింట్‌లో మాత్రం ఇటుక రంగులోకి వచ్చాయి. ల్యాబ్ వాళ్లని అడిగితే ‘ఫైల్ అంతే మేడమ్’ అన్నారు. తప్పు ఎవరిది?

జవాబు: కొంత ఫోన్‌ది, కొంత ఇంకులది. ఇంకొంత, బహుశా, ల్యాబ్‌లోని సాఫ్ట్‌వేర్‌ది.

ముందు బొమ్మ సంగతి. 1905 వేసవిలో దెరాఁ, మతీస్ అనే ఫ్రెంచ్ చిత్రకారులు ఇద్దరూ ఫ్రాన్స్ దక్షిణ తీరంలోని కొల్యూర్ అనే ఊళ్లో ఉండి బొమ్మలు వేశారు. ఆ ఏడాది పారిస్ శరత్కాల ప్రదర్శనలో వాళ్ల రంగులు చూసిన విమర్శకుడు లూయీ వోసెల్ అన్న మాటతోనే వాళ్లకి ‘ఫోవ్స్’, అంటే అడవి మృగాలు, అనే పేరు స్థిరపడింది. మీ బొమ్మ అసలుది వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్‌లో ఉంది. అందులో నారింజ పక్కనే నీలం, ఎరుపు పక్కనే ఆకుపచ్చ. గీతకీ గీతకీ మధ్య అక్కడక్కడా కాన్వాస్ తెల్లగా కనిపిస్తుంది. అది కూడా రంగుపూసిన గుడ్డే కదా, దానికేమీ లైటు ఉండదు. అయినా మెరుస్తుందంటే కారణం ఆ ఇరుగుపొరుగు రంగులే. కాబట్టి ఫోన్ అంత వెలుగు కాగితం మీద రాకపోయినా టెన్షన్ వద్దు. నారింజకీ నీలానికీ మధ్య తేడా చెడకుండా రావాలి, అంతే.

ఇప్పుడు ఫోన్ దగ్గరికొద్దాం. స్క్రీన్ తనే వెలుగునిస్తుంది, కాగితం గదిలోని వెలుగుని తిప్పి కొడుతుంది. పైగా చాలా ఫోన్లలో డిస్‌ప్లే, రంగుల్ని ఉన్నదానికన్నా ముదురుగా చూపే ‘వివిడ్’ మోడ్‌లో ఉంటుంది. సెట్టింగ్స్‌లో దాన్ని ‘నేచురల్’కి మార్చి, బ్రైట్‌నెస్ సగానికి తగ్గించి బొమ్మ చూడండి. మీ ప్రింట్‌ని పోల్చాల్సింది దానితో.

ఇంకుల విషయానికొస్తే, సయాన్, మెజెంటా, పసుపు, నలుపు అనే నాలుగింటితోనే ప్రింట్ చేసే మెషీన్‌కి బాగా ముదిరిన నారింజ, ఆకుపచ్చ, నీలం పూర్తిగా అందవు. ఫొటోల కోసం ఎనిమిది, పది ఇంకులు వాడే ప్రింటర్లు ఉన్నాయి. మీ ఊళ్లో అలాంటిది ఎవరి దగ్గరుందో అడగండి. ఫైల్‌ని మీరే సీఎంవైకేలోకి, అంటే ఆ నాలుగు ఇంకుల లెక్కలోకి, మార్చొద్దు. వాళ్లు ప్రత్యేకంగా అడిగితే తప్ప ఎస్‌ఆర్‌జీబీలోనే, అంటే నెట్‌లో ఫొటోలు మామూలుగా ఉండే రంగుల పద్ధతిలోనే, ఇవ్వండి.

అన్నిటికన్నా ముఖ్యం: ‘ఆటో కలర్ కరెక్షన్ ఆపేయండి’ అని నోటితో చెప్పండి, ఆర్డర్ కాగితం మీద కూడా రాయించండి. ఆ సాఫ్ట్‌వేర్ పెళ్లి ఫొటోల కోసం పెట్టుకున్నది. నారింజ ఎక్కువ కనిపిస్తే లైటింగ్ తప్పనుకుని దాన్ని తగ్గించేస్తుంది. కొండలు నారింజగానే ఉండాలని దానికెలా తెలుస్తుంది? నాకూ ఒక ల్యాబ్‌లో ఇలాగే జరిగింది. అది ఆపి మళ్లీ వేయించాక అదే ఫైల్ నుంచి బొమ్మకి ప్రాణం వచ్చింది. అప్పటినుంచి ముందు కొండా ఆకాశం రెండూ కలిసే చోటుని చిన్న ముక్కగా వేయించి, పగటి వెలుతురులో చూశాకే పెద్దదానికి డబ్బు కడుతున్నాను. మీరూ అలాగే చేయండి.

ప్రశ్న: ఫైల్ 1200 పిక్సెల్స్ వెడల్పు ఉంది. ఫ్రేమ్ 20 అంగుళాలు. ఏఐ యాప్‌తో పెద్దది చేయొచ్చా?

జవాబు: లెక్క సులువే. 1200ని 20తో భాగిస్తే అంగుళానికి 60 పిక్సెల్స్. దగ్గరగా చూస్తే మసకగా ఉంటుంది. కనీసం 150, వీలైతే 200 ఉండాలి. అంటే 3000 నుంచి 4000 పిక్సెల్స్ వెడల్పు కావాలి. ముందు మ్యూజియం వెబ్‌సైట్‌లో పెద్ద ఫైల్ ఇస్తున్నారేమో చూడండి.

ఏఐ యాప్ మాత్రం వద్దు. అది లేని వివరాలని ఊహించి నింపుతుంది. మనిషి ముఖానికైతే పోనీ అనుకోవచ్చేమో గానీ, ఈ బొమ్మలో ఉన్నదంతా కుంచె గీతలే. దెరాఁ గీయని గీతలు గోడ మీద పెట్టుకోవడం నాకు మనసొప్పదు. పెద్ద ఫైల్ దొరకకపోతే 8 అంగుళాల వెడల్పుతోనే ప్రింట్ వేయించి, అదే ఫ్రేమ్‌లో చుట్టూ వెడల్పాటి తెల్ల మౌంట్ (బొమ్మ చుట్టూ అంచులా పెట్టే అట్ట) పెట్టించండి. చాలా అందంగా ఉంటుంది.

ఇంకోటి, అసలు బొమ్మ సుమారు 81 సెంటీమీటర్ల ఎత్తు, 100 సెంటీమీటర్ల వెడల్పు. 16×20 అంగుళాల ఫ్రేమ్‌కి దాదాపు సరిగ్గా సరిపోతుంది. 12×18లో నిండుగా వేయిస్తే పైనా కిందా కత్తిరింపు తప్పదు.

కాపీరైట్ గురించి కూడా అడిగారు. మన దేశంలో చిత్రకారుడు పోయాక 60 ఏళ్ల వరకు ఉంటుంది. దెరాఁ 1954లో పోయారు, కాబట్టి ఇక్కడ 2014తో తీరిపోయింది. ఇంట్లో పెట్టుకోడానికి నిశ్చింతగా వేయించుకోండి. అమ్మాలనుకుంటే మాత్రం, ఫొటో తీసుకున్న వెబ్‌సైట్ నిబంధనలు చదవండి.

ప్రశ్న: ఫ్రేమ్ ఫొటో తీసి అమెరికాలో ఉన్న అక్కకి పంపుదామంటే అద్దంలో నేనే కనిపిస్తున్నాను!

జవాబు: ఫ్లాష్, గదిలో లైట్లు ఆపేయండి. ఫ్రేమ్‌కి పక్కగా కిటికీ ఉండేలా చూసుకోండి, ఎదురుగా వద్దు. ముదురు రంగు బట్టలు వేసుకుని, నాలుగడుగులు వెనక్కి జరిగి, కొంచెం పక్కకి నిలబడి 2ఎక్స్ జూమ్‌తో తీయండి. వంకర వస్తే ఎడిట్‌లో పర్‌స్పెక్టివ్ సరిచేయొచ్చు. వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపండి, అప్పుడు ఫైల్ కుదించకుండా వెళ్తుంది.