ఒక్క ప్రశ్నకు తడబడితే దారే మార్చేయాలా?

ప్రశ్న: మా అబ్బాయి ఏడాదిగా లినక్స్ అడ్మిన్ (లినక్స్ సర్వర్లను నడిపే పని) నేర్చుకుంటున్నాడు. ఇంటర్వ్యూలో ‘సర్వర్‌లోకి రిమోట్‌గా కొందరు యూజర్లనే ఎలా రానిస్తావు?’ అని అడిగితే తేలిపోయాడు. అడ్మిన్ పని పాతబడిపోయిందని అందరూ అంటున్నారు. ఎథికల్ హ్యాకింగ్ (అనుమతితో సిస్టమ్‌లలో లోపాలు వెతికే పని) కోర్సులో చేర్పించడం మంచిదా, ఇదే కొనసాగించమనాలా?

జవాబు: వాడు ఏం చెప్పాడో అడిగారా? అడిగి ఉండరు. ఈ ప్రశ్నకు ఎక్కువమంది చెప్పే జవాబు ‘మిగతావాళ్ల పాస్‌వర్డ్ లాక్ చేస్తాను’ అని. మామూలు సెటప్‌లో అది చాలదు. యూజర్ హోమ్ డైరెక్టరీలో ఆథరైజ్డ్ కీస్ ఫైలు (పాస్‌వర్డ్‌కు బదులు పనిచేసే డిజిటల్ కీల జాబితా) ఉందంటే, పాస్‌వర్డ్ లాకైనా కీతో దర్జాగా లోపలికొస్తాడు. ఖాతా పూర్తిగా మూయాలంటే దాన్ని ఎక్స్‌పైర్ చేయాలి, అంటే గడువు తీరినట్టు పెట్టాలి.

వాళ్లు వినాలనుకున్నది ఎస్ఎస్‌హెచ్‌డీ (రిమోట్ లాగిన్లను చూసుకునే ప్రోగ్రామ్) కాన్ఫిగ్ ఫైలులో రాసే ఒక్క లైను గురించి. ‘అలౌ యూజర్స్’ అని రాసి పేర్లిస్తే వాళ్లకే ప్రవేశం. పేర్ల మధ్య ఖాళీ ఉండాలి. కామా పెడితే రెండు పేర్లూ కలిసి ఒకే పేరైపోయి ఎవరూ లోపలికి రాలేరు. మనుషులు మారుతుండే చోట ‘అలౌ గ్రూప్స్’ నయం, ప్రతిసారీ ఫైలు ముట్టుకోనక్కర్లేదు. కానీ యూజర్‌మాడ్ అనే కమాండ్‌తో గ్రూపులో చేర్చేటప్పుడు పెద్ద ‘జీ’కి ముందు చిన్న ‘ఏ’ మరిచారా, అతని మిగతా అదనపు గ్రూపులన్నీ ఊడిపోతాయి. సూడో హక్కు (అడ్మిన్ అధికారంతో కమాండ్లు నడిపే వీలు) గ్రూపు ద్వారా వస్తుంటే అదీ పోతుంది.

‘అలౌ యూజర్స్’, ‘అలౌ గ్రూప్స్’ రెండు లైన్లూ రాస్తే ఏదో ఒకదానిలో ఉంటే చాలనుకుంటారు. కాదు, రెండింట్లోనూ ఉండాలి. అడ్మిన్లు తమను తామే బయటికి గెంటుకునేది ఇక్కడే. అందుకే ఫైలు మార్చాక ‘ఎస్ఎస్‌హెచ్‌డీ’కి చిన్న ‘టీ’ ఇచ్చి పరీక్షించి, సర్వీసు రీలోడ్ చేసి (కొత్త సెట్టింగులు చదివించి), పాత సెషన్ మూయకుండా ఇంకో విండోలోంచి లాగిన్ అయి చూడాలి. అప్పటికే లోపలున్నవాళ్లు రీలోడ్‌తో బయటికి పోరు, వాళ్ల సెషన్లు విడిగా ఆపాలి. ఆపేసిన యూజర్‌కు సర్వర్ ‘నీకు అనుమతి లేదు’ అని విడమరిచి చెప్పదు. పాస్‌వర్డ్‌తో లాగిన్ ఉన్నచోట మళ్లీ మళ్లీ పాస్‌వర్డ్ అడుగుతుంది, పాపం అతను తప్పు కొడుతున్నాననుకుంటాడు. అసలు కారణం లాగ్‌లో (సర్వర్ రాసుకునే చిట్టాలో) ఉంటుంది. ఉబుంటులో ఆత్ లాగ్, రెడ్‌హ్యాట్ రకాల్లో సెక్యూర్ లాగ్.

ఇక హ్యాకింగ్ కోర్సు. నా అనుమానం సూటిగా చెబుతాను. లోపాలు వెతికే టూల్ నడిపితే రిపోర్టు వస్తుంది. రిమోట్ లాగిన్‌కు వాడే 22వ పోర్టు తెరిచి ఉంది, వెళ్లిపోయిన ఉద్యోగి ఖాతా ఇంకా బతికే ఉంది అని అందులో ఉంటుంది. దాన్ని సరిచేయడం పైన చెప్పిన పనే. సర్వర్‌ను ఎన్నడూ నడపనివాడు రిపోర్టు చదివి వినిపించగలడంతే. సెక్యూరిటీలో మొదటి ఉద్యోగం చాలాచోట్ల షిఫ్టుల్లో కూర్చుని లాగ్‌లు చూడటమే. అదే ఆత్ లాగ్!

‘పాతబడింది’ అన్న ఆ అందరూ ఎవరు? కోర్సులు అమ్మేవాళ్లేగా? క్లౌడ్‌లో నడిచే మిషన్లలోనూ ఎక్కువ లినక్సే. పైగా అక్కడ తప్పు లైను రాస్తే వెళ్లి కీబోర్డు ముందు కూర్చుని దిద్దే వీలు కూడా లేదు. వాళ్ల మాటలు విని మీకు కలిగిన భయాన్ని మీ అబ్బాయి మీద రుద్దకండి. ఏడాది పాటు ఒకే దారిలో ఉన్నాడు, అది తక్కువ విషయం కాదు.

రెండు దారుల పోలిక అడిగారు. ఇప్పటికి అది అనవసరం. మొదటిది రెండోదానికి మెట్టు. వాడికి కావాల్సింది వారం రోజుల చేతిపని. గ్రాఫిక్స్ లేని 2 వర్చువల్ మిషన్లు (కంప్యూటర్ లోపలే సాఫ్ట్‌వేర్‌తో నడిచే కంప్యూటర్లు), 3 యూజర్లు. ఒకరికి కీతో, ఇంకొకరికి పాస్‌వర్డ్‌తో ప్రవేశం ఇచ్చి మూడోవాణ్ని ఆపమనండి. ఆ తర్వాత కావాలనే తననే లాక్ చేసుకుని, కన్సోల్‌లోంచి, అంటే ఆ మిషన్ సొంత తెరలోంచి, బయటపడమనండి. ఆ వారం కోర్సు ఫీజు కట్టకండి, ‘ఎంతవరకొచ్చింది’ అని పూటపూటకీ అడగనూ వద్దు.