పొదుగువాపుకు స్టెరాయిడ్ ఇంజెక్షన్ మళ్లీ వేయించవచ్చా?

ప్రశ్న: మా ఆవు ఈని పది రోజులైంది. వెనక కుడి చన్ను వైపు పొదుగు వాచి, జ్వరం వచ్చి మేత మానేసింది. తెలిసినాయన ఒకరు వచ్చి ఇంజెక్షన్ వేస్తే సాయంత్రానికే వాపు, జ్వరం తగ్గి మేత ముట్టింది. మూడో రోజుకు మళ్లీ వాచి గట్టిపడింది. పాలు నీళ్లలా, నెత్తుటి చారలతో వస్తున్నాయి. వేసింది డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఒక్కటేనని సీసా చూస్తే తెలిసింది. మొదట పనిచేసింది కదా, మళ్లీ వేయించమంటారా? ఎనిమిదో నెల చూడితో ఉన్న ఇంకో ఆవు కుంటుతోంది. దానికీ ఇదే వేయించవచ్చా?
– ఒక పాడి రైతు

జవాబు: రెండింటికీ వద్దండి.

మీరు చూసిన వాపు, జ్వరం చాలావరకు ఆవు ఒళ్లు చేసుకున్న పనే. చన్ను రంధ్రం గుండా సూక్ష్మజీవులు లోపలికి చేరగానే పొదుగులోని కణాలు రసాయన సంకేతాలు పంపుతాయి. రక్తనాళాలు వెడల్పవుతాయి, నీరు చేరుతుంది, రక్తంలోని తెల్లకణాలు పొదుగులోకి దిగుతాయి. ఆరోగ్యంగా ఉన్న పొదుగు పాలలో మిల్లీలీటరుకు రెండు లక్షల లోపు ఉండే కణాలు ఈ జబ్బులో పదుల లక్షలు దాటతాయి. పాలలో కనిపించే తరకల్లో ఉండేది ఎక్కువగా ఈ కణాలూ, గడ్డకట్టిన మాంసకృత్తులే.

డెక్సామెథసోన్ ఆ సంకేతాలను ఆపేస్తుంది, సూక్ష్మజీవిని మాత్రం చంపదు. పైగా తెల్లకణాలు రక్తనాళం గోడను పట్టుకుని బయటికి రావడానికి వాడే కొక్కేల్లాంటి అణువులు ఈ మందుతో రాలిపోతాయి. అందుకే ఇంజెక్షన్ తర్వాత రక్తపరీక్ష చేస్తే తెల్లకణాలు పెరిగినట్టే కనిపిస్తాయి, పొదుగులో మాత్రం కరువు. ఆ మూడు రోజులూ సూక్ష్మజీవులకు అడ్డు లేకుండా పోయింది.

అలాగని స్టెరాయిడ్ విషమేమీ కాదు. మూత్రపిండాల పక్కనుండే గ్రంథుల్లో తయారయ్యే కార్టిసాల్‌కు ఇది నకలు. రోగనిరోధక శక్తి హద్దు దాటకుండా చూసే పగ్గాల్లో కార్టిసాల్ ఒకటి. పగ్గం లేకపోయినా ముప్పే: ఇ.కోలై అనే సూక్ష్మజీవి వల్ల వచ్చే పొదుగువాపులో దాని విషపదార్థాలకు ఒళ్లు అతిగా స్పందించి ఆవు చెవులు చల్లబడి కూలబడుతుంది. అలాంటప్పుడు పశువైద్యులు సెలైన్‌తో పాటు వాపు, నొప్పి తగ్గించే మెలాక్సికామ్ లాంటి మందో, ఒక్కసారికి స్టెరాయిడో ఇస్తారు. మీ ఆవు విషయంలో ఇంకో చిక్కుంది. ఈనడానికి రెండు మూడు వారాల ముందు నుంచి, ఈనాక రెండు మూడు వారాల దాకా తెల్లకణాల సత్తా సహజంగానే తగ్గి ఉంటుంది. ఈతప్పుడు ఒంట్లో కార్టిసాల్ పెరగడం అందుకు ఒక కారణం. దానికి మందు కూడా తోడైంది.

ఇప్పుడు ఆలస్యం చేయకుండా పశువైద్యులను పిలిపించండి. స్టెరాయిడ్ వేసిన సంగతి, తేదీ దాచకుండా చెప్పండి. యాంటీబయాటిక్ మొదలుపెట్టే ముందే చన్ను కొన శుభ్రం చేసి పాల నమూనా పరీక్షకు తీయించండి. వాపు తగ్గిందని కోర్సు మధ్యలో ఆపకండి. జబ్బు చన్నును చివర్న పితకండి, ఆ పాలు కొట్టం నేల మీద పారబోయకండి, దూడకూ పట్టకండి. జబ్బుకు కారణం స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే సూక్ష్మజీవి అయితే అది కణాల లోపల దాక్కుంటుంది. గట్టిపడిన భాగం మళ్లీ పాలకు రాకపోవచ్చు, ఆ మాట ముందే చెబుతున్నా. టీకాలు ఏమైనా బాకీ ఉంటే ఆవు కోలుకున్నాకే వేయించండి.

ఇక చూడి ఆవు. నెలలు నిండాక కడుపులోని దూడ ఒంట్లో పెరిగే కార్టిసాలే తల్లికి ఈత మొదలుపెట్టమని కబురు. ఈ మందు ఆ కబురును అనుకరిస్తుంది. ఎనిమిదో నెలలో వేస్తే నెలలు నిండని దూడ పుట్టడం, మాయ పడకపోవడం జరగొచ్చు. ఎప్పుడో సోకి తల నరాల్లో నిద్రపోతున్న ఐబీఆర్ (పశువుల్లో శ్వాస జబ్బు తెచ్చే) వైరస్ ఉంటే అదీ మేల్కొనొచ్చు. మొదట కుంటుతున్న కాలు ఎత్తి గిట్ట అడుగు కడిగి చూడండి. మేకు, రాయి గుచ్చుకుందేమో, గిట్టల మధ్య పుండు, దుర్వాసన ఉన్నాయేమో గమనించండి. ఎవరు సూది మందు వేయడానికి వచ్చినా ఎన్నో నెల చూడో ముందే చెప్పండి.