ఘాట్ మలుపులకి టైరు: వెడల్పు కాదు, గుండ్రం చూడండి

మీ ప్రశ్న ఇది కదా: బండి పల్సర్ ఎన్‌ఎస్ 200, ఊరు అమలాపురం, వీలైనప్పుడల్లా మారేడుమిల్లి – చింతూరు ఘాట్‌కి వెళ్తున్నారు. మలుపుల్లో బండిని బాగా పడుకోబెట్టి తిప్పాలంటే వెనక 150 టైరు వేయించాలా, ఏ కంపెనీది కొనాలి అని.

150 వేయించకండి. మీ బండికి కంపెనీ ఇచ్చిన సైజు ముందు 100/80-17, వెనక 130/70-17. ఇందులో 130 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, 70 అంటే పక్క గోడ ఎత్తు ఆ వెడల్పులో ఎంత శాతమో, 17 అంటే రిమ్ వ్యాసం అంగుళాల్లో. రిమ్ మీదే దాని వెడల్పు అచ్చుపోసి ఉంటుంది, తుడిచి చదవండి. 3.50 అని ఉంటే మూడున్నర అంగుళాలు, 130 టైరుకి సరిగ్గా సరిపోయే కొలత. 150/60 టైరుకి కనీసం 4 అంగుళాల రిమ్ కావాలి. మూడున్నర రిమ్‌లో దాన్ని ఇరికిస్తే రెండు పక్కలూ లోపలికి నొక్కుకుని నడిమి భాగం పైకి పొంగుతుంది. చూడ్డానికి లావుగా ఉంటుంది గాని బండి వాల్చినప్పుడు అంచు రబ్బరు రోడ్డుకి సరిగ్గా ఆనదు. పైగా అదే మలుపు, అదే స్పీడు అయినా వెడల్పు టైరున్న బండిని ఇంకాస్త ఎక్కువ వాల్చాలి, ఎందుకంటే నేలకి ఆనే చోటు బండి మధ్య గీత నుంచి పక్కకి జరుగుతుంది. గ్రిప్ కోసం వేయించిన టైరే మీ దగ్గరున్న గ్రిప్‌ని ఎక్కువ వాడేస్తుందన్నమాట. పోనీ 140/70 వేయిద్దామంటే పక్క గోడ ఎత్తు 91 మిల్లీమీటర్ల నుంచి 98కి పెరుగుతుంది, వెనక భాగం ఆ మేరకు లేస్తుంది, మడ్‌గార్డ్‌కీ చైన్ గార్డ్‌కీ తగులుతుందేమో చూసుకోవాలి. షాపులో “అందరూ ఇదే వేయించుకుంటున్నారండి” అంటారు. అందరూ వేయించుకునేది వెనక నుంచి చూస్తే బావుంటుందని.

కోనసీమలో తిరిగే బండికి అసలు జబ్బు వేరే ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. మన రోడ్లు చదును. రావులపాలెం నుంచి అమలాపురం, అక్కణ్ణుంచి 216 హైవే మీద రాజోలు, నరసాపురం దాకా ఎంత తిరిగినా టైరు మధ్య పట్టీ ఒక్కటే అరుగుతుంది. పక్క రబ్బరు కొన్నరోజు ఎలా ఉందో అలాగే ఉంటుంది. బటన్లు ఇంకా ఉన్నాయి కదా అనుకుంటారు గాని గుండ్రంగా ఉండాల్సిన టైరు పైన పలకలా తేలిపోయి ఉంటుంది. ఆ టైరుతో మారేడుమిల్లి దాటి ఘాట్ ఎక్కారనుకోండి. మొదటి గట్టి మలుపులో హ్యాండిల్ నొక్కితే బండి వాలనంటుంది, ఇంకొంచెం నొక్కుతారు. ఆ పలక అంచు మీదికి రాగానే ఒక్కసారిగా లోపలికి పడిపోతున్నట్టు వాలుతుంది. గుండె జల్లుమంటుంది, చెయ్యి తనంతట తానే యాక్సిలరేటర్ వదిలేస్తుంది, రెండో చెయ్యి హ్యాండిల్‌ని బిగబడుతుంది. బండి మళ్ళీ నిలబడి నేరుగా ఎదుటి లైన్లోకి వెళ్తుంది. ఎదురుగా ఆర్టీసీ బస్సు దిగుతూ ఉంటే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. కిందపడినవాళ్ళు గ్రిప్ జారిందంటారు. చాలాసార్లు గ్రిప్ జారలేదు, టైరు ఆకారం పోయింది, అంతే.

దీన్ని కనిపెట్టడం చాలా తేలిక. బండిని నిటారుగా నిలబెట్టి ఒక స్కేలో పాత ఏటీఎం కార్డో వెనక టైరు మీద అడ్డంగా పెట్టండి. మంచి టైరైతే కార్డు మధ్యలో ఒక్క చోటే ఆని రెండు పక్కలా లేచి ఉంటుంది. రెండు మూడు వేళ్ళ వెడల్పున కార్డు చదునుగా కూర్చుంటే, గాడి ఎంత లోతున్నా సరే, ఆ టైరు ఘాట్‌కి పనికిరాదు. ఊళ్ళో తిరగడానికి వాడుకోవచ్చు. గాడి లోపల చిన్న అడ్డకట్టల్లా ఉండే అరుగుదల గుర్తులు తేలేదాకా ఆగడం ఘాట్ ఎక్కేవాళ్ళ పద్ధతి కాదు.

ఇక ముందు టైరు. మనవాళ్ళు వెనకది రెండుసార్లు మారుస్తారు, ముందుది అరగలేదని వదిలేస్తారు. ముందుది నిదానంగా అరుగుతుంది, ఈలోపు ఎండకి ఎండి గట్టిపడుతుంది. గోరు గుచ్చితే దిగదు, గాడి అడుగున వెంట్రుకల్లాంటి పగుళ్ళు కనిపిస్తాయి. మలుపులో వెనక టైరు జారితే సర్దుకోడానికి కాస్త వ్యవధి ఉంటుంది. ముందుది జారితే మామూలు మనిషికి ఆ వ్యవధి ఉండదు, బండి కింద ఉంటుంది. డబ్బులు ఒక్కదానికే ఉంటే, ముందుది గట్టిపడిపోయి ఉంటే, ముందుదే మార్చండి. రెండూ ఒకేసారి, ఒకే కంపెనీ ఒకే మోడల్ వేయించడం అన్నిటికన్నా మేలు. కంపెనీలు ముందు వెనక టైర్ల గుండ్రాన్ని జతగా లెక్క చూసే చేస్తాయి.

పక్క గోడ మీద రాసి ఉన్నది షాపువాడు చదవడు, మీరు చదవండి. 130/70-17 అని గీత ఉంటే బయాస్ టైరు, అంటే లోపలి దారాలు ఏటవాలుగా అల్లినది. గీత స్థానంలో ‘ఆర్’ ఉంటే రేడియల్, అంటే దారాలు ఈ అంచు నుంచి ఆ అంచుకి నేరుగా వేసినది. వెనక రేడియల్, ముందు బయాస్ కలిపి కంపెనీలే ఇస్తాయి. యమహా ఆర్15 బండికి అలాగే వస్తుంది. ముందు రేడియల్ వేసి వెనక బయాస్ ఉంచడం మాత్రం తప్పు. చివర ఉండే అక్షరం స్పీడు హద్దు: పి అంటే 150, ఎస్ 180, హెచ్ 210. ఎన్‌ఎస్ 200కి పి సరిపోతుంది. హెచ్ టైరు ఊరికే గ్రిప్ ఎక్కువ ఇవ్వదు. తయారీ తేదీ నాలుగంకెలు: 2325 అంటే 2025లో 23వ వారం. ఏడాది దాటిన టైరు ఇస్తే వద్దనండి. రెండేళ్ళు పై అటక మీద ఎండకి ఉన్నదానికి తడిగుడ్డ పెట్టి తుడిచి కొత్తదని చేతిలో పెడతారు, అది నాకు అస్సలు మింగుడుపడదు.

రబ్బరు మెత్తదనం గురించి. రేసు టైరు వేస్తే అతుక్కుపోతుందనుకుంటారు. లెక్క చూడండి: 30 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపులో 40 కి.మీ. స్పీడుకి బండి 23 డిగ్రీలు వాలితే చాలు, 50కి దాదాపు 33 డిగ్రీలు. పొడి తారు మీద ఆ వాలు మంచి మామూలు రోడ్డు టైరే అవలీలగా మోస్తుంది. రేసు రబ్బరు వేడెక్కితేనే పనిచేస్తుంది. డిసెంబరు, జనవరి పొద్దున్నే మంచులో, తడిసిన చెట్ల నీడ రోడ్డు మీద అది వేడెక్కదు. మీకు కావాల్సింది చల్లగా ఉన్నప్పుడూ తడిలోనూ పట్టు ఇచ్చేది. అందుకే సిలికా కలిపిన రబ్బరు, టైరు భుజాల దాకా, అంటే పక్క అంచుల దాకా, నీళ్ళు పోయే గాళ్ళు ఉన్న టైరు చూడమంటాను. మధ్యలో గట్టి రబ్బరు, అంచుల్లో మెత్తది పెట్టిన డ్యూయల్ కాంపౌండ్ దొరికితే మనలాంటి చదును రోడ్ల వాళ్ళకి భలే ఉపయోగం, పలక పడ్డం ఆలస్యమవుతుంది. అంచుల్లో అరగని పట్టీ మిగిలిందని సిగ్గుపడేవాళ్ళున్నారు. ఆ పట్టీ ఉండడమే మంచిది, అది మీ దగ్గర మిగిలిన జాగ్రత్త.

పేర్లంటే, మీ సైజులో మిషెలిన్ పైలట్ స్ట్రీట్ తడి రోడ్డుకి నా మొదటి మాట. ఎమ్మారెఫ్‌లో రెవ్జ్ వరస ఉంటుంది. తర్వాత ఎప్పుడైనా కేటీఎం డ్యూక్ 390 బండికి వెళ్తే అక్కడ 110/70 ఆర్17, 150/60 ఆర్17 సైజులు, మెట్జెలర్ ఎం5, పిరెల్లి డయాబ్లో రోసో 2, అపోలో ఆల్ఫా హెచ్1 లాంటివి ఆ రిమ్ములకి సరిపోతాయి. ఆ టైర్లు అక్కడ బావున్నాయని ఇక్కడ ఇరికించకూడదు.

ఎంత మంచి టైరైనా గాలి తప్పితే దండగ. ఈ తరగతి బండ్లకి ఒక్కరే అయితే ముందు 25, వెనక 28, వెనక మనిషి ఉంటే వెనక 32 పీఎస్‌ఐ దగ్గర ఉంటుంది. మీ బండి స్టిక్కర్ మీద ఏముంటే అదే పెట్టండి. ఇంటి దగ్గర, బండి కదపకముందు, చల్లటి టైరు మీద కొలవాలి. రాజమండ్రి దాటి గోకవరం వెళ్ళేసరికి వేడికి మూడు నాలుగు పీఎస్‌ఐ పెరిగి కనిపిస్తుంది, అది తీసేయకండి. బంకుల్లో అడక్కుండానే 35, 40 కొట్టేస్తారు. ఆ గాలితో టైరు రాయిలా ఉండి ప్రతి గుంతకీ ఎగురుతుంది. దీనికి విరుగుడుగా మరీ తగ్గించేవాళ్ళూ ఉన్నారు. 20కి దిగితే పక్క గోడలు ఊగి మలుపులో బండి తేలినట్టుంటుంది. మూడు నాలుగు వందలు పెట్టి చిన్న గేజ్ కొనుక్కుని బ్యాగులో పెట్టుకోండి.

బిగించేటప్పుడు షాపులోనే నిలబడి చూడండి. బాణం గుర్తు తిరిగే వైపుకే ఉండాలి, రెండు టైర్లకీ. పసుపు చుక్క ఉంటే వాల్వ్ దగ్గరికి రావాలి. ట్యూబ్‌లెస్‌కి వాల్వ్ కూడా కొత్తది వేయమనండి, దాని ఖరీదెంత గనక. గాలి కొట్టాక రిమ్ అంచు పక్కన టైరు మీద ఉండే సన్న గీత చుట్టూ ఒకే దూరంలో కనపడాలి. ఒకచోట లోపలికి పోయి ఉంటే టైరు పూర్తిగా కూర్చోలేదు, సబ్బునీళ్ళు రాసి మళ్ళీ కొట్టించాలి. వెనక చక్రం పెట్టాక చైన్ అడ్జస్టర్ గీతలు రెండు పక్కలా ఒకే అంకె మీద ఉన్నాయో లేదో మీరే చూసుకోండి. అక్కడ తేడా ఉంటే బండి ఒక వైపుకే లాగుతుంది, జనం టైరుని తిడతారు. పంచర్ మధ్య పట్టీలో పడితే సరే, భుజం మీద పడితే ఆ టైరుకి దారం కూరి ఘాట్ ఎక్కొద్దు.

మన వైపు రోడ్లు కూడా టైరుతో ఆడుకుంటాయి. సార్వా కోతలప్పుడూ దాళ్వా కోతలప్పుడూ సగం రోడ్డు ధాన్యం ఆరబోస్తారు, చుట్టూ రాళ్ళు పెడతారు, ధాన్యం ఎత్తుకెళ్ళి రాళ్ళు అక్కడే వదిలేస్తారు. టైరు కింద గింజలు బేరింగు గోళీల్లా దొర్లుతాయి, ఏ కంపెనీ రబ్బరూ దాన్ని పట్టలేదు. నాట్ల రోజుల్లో ట్రాక్టర్లు దమ్ము చక్రాలతో చేల్లోంచి నేరుగా రోడ్డెక్కుతాయి. ఆ నల్లమట్టి గాళ్ళలో కూరుకుపోతే తర్వాత కిలోమీటరో రెండో మీ కొత్త టైరు గుండు టైరే. చేపల వ్యాన్లు కాలవ గట్టు మలుపుల్లో నీళ్ళు ఒలకబోసుకుంటూ వెళ్తాయి, అది ఉత్తి నీళ్ళు కాదు, జిగురు. లాకుల దగ్గర, వంతెన ఎక్కే దగ్గర బండి నిలువుగా ఉండగానే బ్రేకు వేసేసుకోండి. బురద దాటాక వాల్చే ముందు నిటారుగా కొంత దూరం నడిపి గాళ్ళు ఖాళీ అవనివ్వండి.

కొత్త టైరు మీద అచ్చు నుంచి వచ్చిన జిడ్డు మెరుపు ఉంటుంది. మొదటి 150 – 200 కి.మీ. నిదానంగా, కొంచెం కొంచెం వాలుస్తూ నడిపితే అది పోతుంది. కాబట్టి ఘాట్‌కి వెళ్ళే ముందురోజు సాయంత్రం టైర్లు మార్పించకండి, వారం ముందే మార్పించి ఊళ్ళో తిప్పండి. వాటర్ వాష్‌కి ఇస్తే మాత్రం ముందే గట్టిగా చెప్పాలి. నల్లగా మెరవాలని డీజిల్ గానీ పాలిష్ గానీ కొట్టి, గుడ్డతో టైరు మొత్తం రుద్ది ఇస్తారు. రోడ్డుకి ఆనే చోట ఆ నూనె పడితే మొదటి మలుపులోనే పడతారు. ఇప్పటికే కొట్టేసి ఉంటే సబ్బునీళ్ళతో, బ్రష్షుతో రెండుసార్లు తోమి, ఆరాక చేత్తో తడిమి చూడండి. వేలికి జిడ్డు అంటుతుంటే ఇంకోసారి తోమండి.