ఓడలో లాబ్‌స్టర్: పొయ్యి దిగిన వేళే ముఖ్యం

వారం రోజుల క్రూయిజ్‌కు వెళ్ళబోతున్న ఒకరు అడిగిన ప్రశ్న ఇది: టికెట్టు ధరలోనే కలిపి ప్రధాన డైనింగ్ హాలులో వడ్డించే లాబ్‌స్టర్‌తో (రొయ్యను పోలిన, గట్టి డొప్ప గల పెద్ద సముద్రజీవితో) సరిపెట్టుకోవచ్చా, లేక అదనంగా డబ్బు కట్టి ఓడలోని స్పెషాలిటీ రెస్టారెంటులో తినడం మేలా? ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా ముక్క ఎంత పెద్దది, ఎన్ని అడగవచ్చు, ఎంత ఖర్చవుతుంది అన్న లెక్కలే అందరూ చెబుతారు. నేను చెప్పదలచుకున్నది వేరు. ఓడ మీద లాబ్‌స్టర్ రుచి, అది పొయ్యి దిగాక మీ బల్ల దగ్గరికి చేరడానికి ఎంతసేపు పట్టిందన్న దాని మీద ఆధారపడి ఉంటుంది; మిగిలినవన్నీ దాని తరువాతే. ఒకే రాత్రి ఒకే బల్ల దగ్గర రెండు రకాలుగా వచ్చిన లాబ్‌స్టర్ తిన్నాను కనుక ఈ మాట ఇంత గట్టిగా చెప్పగలుగుతున్నాను.

కరీబియన్ సముద్రంలో ఏడు రాత్రుల ప్రయాణం అది. నా భార్య, మా బావమరిది, నేను వెళ్ళాము. అంత నిడివి గల ప్రయాణాల్లో అందరూ మంచి దుస్తులు వేసుకుని భోజనానికి వచ్చే ఫార్మల్ నైట్ ఉంటుంది, లాబ్‌స్టర్‌ను చాలా కంపెనీలు ఆ రాత్రికే అట్టేపెడతాయి. ఆ సాయంత్రం డైనింగ్ హాలు ద్వారం ముందే ఫొటోగ్రాఫర్లు తెరలు కట్టి దీపాలు బిగించి కూర్చున్నారు. ఫొటో దిగేవారి వరుస, భోజనానికి వెళ్ళేవారి వరుస ఒకదానిలో ఒకటి కలిసిపోయి, మేము బల్ల చేరేసరికి చాలా ఆలస్యమైంది. భోజనం వేళకు భోజనశాల గుమ్మంలోనే ఫొటోల వ్యాపారం పెట్టడం ప్రయాణికుల పట్ల చేసే అన్యాయమని నేను ఇప్పటికీ అంటాను. అది లేకపోతే ఆ రాత్రి సగం హాలు చల్లారిన భోజనం తినవలసి వచ్చేది కాదు.

పళ్ళెం మీది స్టీలు మూత తీయగానే ఆవిరి రాలేదు, మూత లోపలి నుంచి నీటి బొట్లు రాలాయి. లాబ్‌స్టర్ తోక డొప్పను మధ్యకు చీల్చి, మాంసాన్ని పైకి లేపి డొప్ప వీపు మీద కూర్చోబెట్టారు, పైన మిరియాలు, ఎర్రటి పాప్రికా పొడి చల్లారు. చూడడానికి ఏ లోపమూ లేదు. ఫోర్కు గుచ్చితే మాత్రం మాంసం డొప్పను వదలలేదు. గట్టిగా లాగితే దారాలుగా విడివడింది, అంచులు ముడుచుకుపోయి తోలులా సాగాయి, పక్కన గిన్నెలో పెట్టిన కరిగించిన వెన్న మీద అప్పటికే తెల్లటి పొర కట్టింది. మా బల్ల దగ్గరే కూర్చున్న ఒక పెద్దాయన, డొప్ప ఎంత ఎర్రగా ఉందో చూడండి, ఎంతో తాజాది అని మెచ్చుకున్నారు. ఆ ఎరుపుకూ తాజాదనానికీ సంబంధం లేదు. డొప్పలో ఉండే అస్టాక్సాంథిన్ అనే వర్ణపదార్థాన్ని ఒక ప్రోటీను పట్టి ఉంచుతుంది, వేడికి ఆ ప్రోటీను చెడి పట్టు సడలగానే ఎరుపు బయటపడుతుంది. ఎన్నో నెలలు గడ్డకట్టి ఉన్న లాబ్‌స్టర్ కూడా అంతే ఎర్రగా అవుతుంది.

నేను ఏమీ అనకముందే మా వెయిటర్ గమనించారు. ఓడల మీదనే జుట్టు నెరిసిన మనిషి ఆయన. "ఇవి తీసుకువెళ్తానండీ, కొత్త విడత ఇప్పుడే లోపలికి వెళ్ళింది, ఐదు నిమిషాలు ఓపిక పట్టండి" అని పళ్ళేలు ఎత్తుకుని గ్యాలీలోకి, అంటే ఓడ వంటశాలలోకి, వెళ్ళారు. మళ్ళీ వచ్చినప్పుడు పళ్ళేల మీద మూతలు లేవు, అడుగున వెన్న ఇంకా చిటపటలాడుతోంది. ఒక చేతిలో ఫోర్కు, మరో చేతిలో చెంచా పట్టుకుని, తోక చివరి రెక్కల దగ్గర చెంచా దూర్చి ఒక్కసారి తిప్పారు. మాంసమంతా ముక్కలు కాకుండా, డొప్పలో ఒక్క పోగు మిగలకుండా బయటికి వచ్చింది. అది తెల్లగా, నిగనిగలాడుతూ, పంటికి కొంచెం ఎదురు తిరిగి వెంటనే లొంగేలా ఉంది, నమిలితే తీపి తెలిసింది. అదే మెనూ, అదే వంటశాల, అదే సరుకు. రెండు పళ్ళేలకూ మధ్య ఉన్న తేడా నిరీక్షణ ఒక్కటే.

ఎందుకిలా అవుతుందో ఓడ వంటశాల పనితీరు తెలిస్తే అర్థమవుతుంది. 2024 జనవరిలో ప్రయాణాలు మొదలుపెట్టిన ఐకాన్ ఆఫ్ ది సీస్ వంటి ఓడ పూర్తిగా నిండితే 7,600 మంది ప్రయాణికులు ఉంటారు. అందులో సగం మందే ఉండే ఓడలోనైనా ఒక్క రాత్రి వేల ముక్కలు వండాలి. అగ్నిప్రమాద భయం వల్ల ఆధునిక క్రూయిజ్ ఓడల్లో సాధారణంగా గ్యాసు మంట ఉండదు, పొయ్యిలు, ఓవెన్లు, పైనుంచి సెగ తగిలే బ్రాయిలర్లు అన్నీ విద్యుత్తుతోనే నడుస్తాయి. అన్ని వేల ముక్కలు వాటిలో ఒకేసారి పట్టవు కనుక ట్రేల కొద్దీ ముక్కలు విడతలుగా లోపలికి వెళ్ళి, విడతలుగా బయటికి వచ్చి, వెయిటర్ తీసుకువెళ్ళే వరకు వేడి అలమరల్లో ఉంటాయి. అమెరికా రేవులకు వచ్చే విదేశీ యాత్రల ఓడలను ఆ దేశపు ప్రజారోగ్య సంస్థ సీడీసీ, వెసెల్ శానిటేషన్ ప్రోగ్రాం అనే పారిశుద్ధ్య కార్యక్రమం కింద తనిఖీ చేస్తుంది. వేడిగా ఉంచవలసిన ఆహారం కనీసం 57 డిగ్రీల సెల్సియస్‌లో ఉండాలన్నది అందులోని నియమం. వందకు 85 గానీ అంతకంటే తక్కువ గానీ మార్కులు వస్తే ఓడ ఆ తనిఖీలో తప్పినట్టే. ఆ నియమం ప్రయాణికుల ఆరోగ్యానికి ఎంతో అవసరం, దాని మీద నాకు ఫిర్యాదు లేదు. కానీ లాబ్‌స్టర్ తోకలో కొవ్వు దాదాపు ఉండదు, ఆ వేడిలో కూర్చున్న ప్రతి నిమిషమూ దాని నీరు ఇంకిపోతూనే ఉంటుంది. మాంసపు కూర ఓర్చుకున్నట్టు అది ఓర్చుకోదు.

కాబట్టి టికెట్టు ధరలో కలిసిన లాబ్‌స్టర్ తినాలనుకుంటే హాలు తలుపులు తెరిచే వేళకే బల్ల దగ్గర ఉండండి. సూపు, సలాడ్ అన్నీ ముగించి తీరికగా ప్రధాన వంటకానికి రావడం మిగిలిన రాత్రులకు ఉంచుకుని, ఆ ఒక్క రాత్రి మాత్రం వెయిటర్‌తో ముందే మాట్లాడండి. "కొత్త విడత వచ్చినప్పుడు తెండి, ఆలస్యమైనా ఫరవాలేదు" అన్న ఒక్క మాట నాకు ఎప్పుడూ పనిచేసింది. ఆ రాత్రి వెయిటర్లు పడే శ్రమ కూడా గుర్తుంచుకోండి, ఒక్కొక్కరు తమ బల్లలన్నిటి దగ్గరా నిలబడి డొప్పలు వలిచి పెడుతుంటారు.

ఇక్కడ ఒక విషయం నన్ను చాలా బాధిస్తుంది. ఎన్నైనా అడగనిచ్చే ఓడల్లో ఒక్కొక్కరు మూడు, నాలుగు ముక్కలు తెప్పించుకుని, సగం కొరికి వదిలేస్తారు. మా పక్క బల్ల మీద ఆ రాత్రి ముట్టుకోని తోకలు పళ్ళెం నిండా మిగిలాయి. చల్లని నీటిలో పెరిగే, పటకారు వంటి డెక్కలు ఉండే అమెరికన్ లాబ్‌స్టర్ అర కిలో బరువుకు పెరగడానికి ఐదు నుంచి ఏడేళ్ళు పడుతుంది. ఓడల్లో ఎక్కువగా కనిపించే తోకలు వెచ్చని నీటిలో పెరిగే స్పైనీ లాబ్‌స్టర్‌వి, వాటికి పెద్ద డెక్కలు ఉండవు, పొడవాటి మీసాలు ఉంటాయి. బహామాస్‌లో వాటిని ఏప్రిల్ 1 నుంచి జూలై 31 వరకు పట్టకూడదు, ఫ్లోరిడాలో ఆ నిషేధం ఆగస్టు 5 వరకు సాగుతుంది. గుడ్లు పెట్టే కాలమని జాలరులు నెలల తరబడి వాటి జోలికి పోకుండా ఉంటే, మనం ఒక్క పూటలో చెత్తబుట్టలో వేయడం ఏ విధంగానూ సమర్థించుకోలేము. ఇక్కడ కంపెనీల తప్పూ ఉంది. రెండో ముక్క మొదటిది తిన్న తరువాతే ఇస్తామని చెబితే ఎవరూ ఓడ దిగిపోరు.

గడ్డకట్టించిన సరుకని ముఖం చిట్లించేవారికి కూడా ఒక మాట. లాబ్‌స్టర్ చనిపోగానే దాని తల భాగంలోని జీర్ణగ్రంథి రసాలు మాంసాన్ని కరిగించడం మొదలుపెడతాయి, అందుకే దాన్ని ప్రాణంతోనైనా వండాలి, లేదా వెంటనే తోక వేరు చేసి గడ్డకట్టించాలి. ఓడలో నాకు పెట్టినది రెండో రకమే, ఆ తీపి దానిలోదే. చేపల విషయంలోనూ ఇంతే. పచ్చిగా తినే చేపలోని పరాన్నజీవులు చనిపోవడానికి మైనస్ 20 డిగ్రీల సెల్సియస్‌లో ఏడు రోజులు ఉంచాలని అమెరికా ఆహార నియంత్రణ సంస్థ సూచిస్తుంది, కాబట్టి ఓడలోని సుషీ ముక్క గడ్డకట్టి కరిగినదని తెలిస్తే నాకు నిశ్చింతగానే ఉంటుంది. నేను ఓడ మీద దూరంగా ఉండేది పచ్చి ఆల్చిప్పలకు మాత్రమే. అవి నీటిలోని నోరోవైరస్‌ను తమలో పోగు చేసుకుంటాయి, వేల మంది ఒకే కప్పు కింద తిరిగే చోట ఆ జబ్బు ఎంత వేగంగా పాకుతుందో చెప్పనక్కరలేదు.

ఆ రాత్రి మా బల్ల మీద అన్నిటికంటే మంచి పళ్ళెం నాది కాదు, మా బావమరిదిది. అతనికి రొయ్య, పీత, లాబ్‌స్టర్ ఏదీ పడదు. వాటిలో ఉండే ట్రోపోమయోసిన్ అనే ప్రోటీను ఎంత ఉడికించినా నశించదు కనుక, బాగా వండితే ఏమీ కాదనే సలహాలను అతను వినడు, వినకూడదు కూడా. చేపలో సాధారణంగా అలర్జీ కలిగించే ప్రోటీను వేరు, అతనికి చేప పడుతుంది. ఓడ ఎక్కేముందే కంపెనీకి తెలియజేశాము, హెడ్ వెయిటర్ ప్రతి రాత్రి మరునాటి మెనూ తెచ్చి అతని భోజనం ముందే రాసుకున్నారు, వేరే పెనం మీద వండించారు. బఫేలో మాత్రం ఈ జాగ్రత్త గాలికి పోయింది. రొయ్యల ట్రేలోని పటకారుతోనే పక్క ట్రేలోని చేప తీసుకునేవారిని చూసి అతను ఆ వైపు వెళ్ళడం మానేశాడు. ఫార్మల్ నైట్ అతనికి వచ్చినది పెనం మీద చర్మం కరకరలాడేలా వేయించిన పండుగప్ప. అందరూ లాబ్‌స్టర్ అడిగిన రాత్రి చేప అడిగేవారు తక్కువ, అందుకే అది అడిగిన తరువాత వండినది. ముక్క విడదీస్తే రేకులు రేకులుగా తడిగా విచ్చుకుంది. అతను నాకు ఇచ్చిన ఆ ఒక్క ముక్క తరువాత, లాబ్‌స్టర్ రాత్రి చేప అడిగేవాడే తెలివైనవాడని నేను నమ్ముతున్నాను.

లాబ్‌స్టర్ లేకపోతే ఓడ భోజనానికి ఘనత లేదని అనుకోవడం కూడా సరికాదు. 1912 ఏప్రిల్ 14 రాత్రి టైటానిక్ మొదటి తరగతి విందు మెనూలో ఆల్చిప్పలు ఉన్నాయి, మూస్లీన్ సాస్‌తో, దోసకాయతో సాల్మన్ ఉంది, లాబ్‌స్టర్ లేదు. ఇప్పుడు హాలండ్ అమెరికా లైన్ వంటి కంపెనీ రేవుల్లోనే చేపలు కొని 48 గంటల్లోగా వడ్డించే పద్ధతిని 2023లో ప్రకటించింది. మిగిలిన కంపెనీలు కూడా ఆ దారిన వెళ్ళాలి, ఫార్మల్ నైట్ హంగులకు పెట్టే ఖర్చు దీనికి పెట్టాలి.

ఇక అదనంగా డబ్బు కట్టే సంగతి. బుక్ చేసేముందు స్పెషాలిటీ రెస్టారెంటు వారిని రెండు ప్రశ్నలు అడగండి: లాబ్‌స్టర్ ఆర్డరు ఇచ్చాక వండుతారా, అది చల్లని నీటిదా వెచ్చని నీటిదా? ఆర్డరు మీద వండే చల్లని నీటి లాబ్‌స్టర్ అయితే సంకోచించకుండా కట్టండి, అక్కడ బల్లలు తక్కువ, వంటగది దగ్గర, పళ్ళెం వేడిగా వస్తుంది. డైనింగ్ హాలులో పెట్టే తోకనే తెచ్చి దీపాలు తగ్గించి వడ్డించే చోటైతే కట్టకండి. మీ ప్రయాణం అలాస్కాకు అయితే రెండూ వద్దు, అక్కడి హాలిబట్ అనే చేప ఎప్పుడు ఓడ ఎక్కిందో అడిగి, ఆ రాత్రే తినండి.